కులం కాగితం, పల్టన్ కాగితం



పోయిన వారం ఫైనలియర్ పిల్లగాడు ఒకడు స్టాఫ్ రూంకు వచ్చిండు. బోధన్ పక్క ఊరు. తల్లి చెరుకు కొట్టబోయేది, తండ్రి దుబాయిల ఉంటడు. వీడు రోజూ తెల్లారకముందే గ్రౌండ్‌ల 1600 మీటర్లు ఉరుకుతడు. అగ్నివీర్ ర్యాలీకి పేరు ఇచ్చిండు. చేతిల సర్టిఫికెట్ల ఫైలు.

"సార్, ఆర్మీల మనకు రిజర్వేషన్ లేదంటరు గద. మల్ల కులం కాగితం ఎందుకు అడుగుతున్నరు?"

2022లో ఇదే ప్రశ్న దేశమంతా లేచింది. ఇది పాత పద్ధతే, కొత్తది కాదన్నరు. శిక్షణలోనో, విధుల్లోనో సిపాయి చనిపోతే ఆచారం ప్రకారం అంత్యక్రియలు జరపడానికి ఈ వివరాలు కావాలని సైన్యం వైపు నుంచి జవాబు వచ్చింది. నాకైతే మా తాత గుర్తుకొచ్చిండు. ఆయన శవాన్ని తమ పొలంగట్టు మీదికెళ్లి పోనియ్యమన్నరు. చుట్టు తిరిగి, మోకాలి లోతు బురదలకెళ్లి మోసుకపోయినం. మన దగ్గర కులం బొందలగడ్డ దాకా వస్తదని తెలుసు. సర్కారు దాన్ని ముందే రాసి పెట్టుకుంటది, అంతే తేడా.

వాడు ఇంకోటి అడిగిండు. "మన హైదరాబాదోల్లు ఎప్పుడన్న సముద్రం దాటి కొట్లాడిండ్రా సార్?"

కొట్లాడిండ్రు. అయితే పేరును చూసి మోసపోవద్దు. అప్పుడు బ్రిటిష్ సైన్యంల '19వ హైదరాబాద్ రెజిమెంట్' అని ఒకటుండె. పేరు మనది, మనుషులు ఎక్కువగా కుమావూఁ కొండలోల్లు, ఉత్తరాది వాళ్లు. 1945ల దాని పేరు కుమావూఁ రెజిమెంట్ అయింది. నిజాం సొంత పటాలం వేరు, అది ఫస్ట్ హైదరాబాద్ ఇన్ఫంట్రీ. సంస్థానాల బలగాలంటే ఇంటికాడ కాపలా, అవసరం పడితే ఇంగ్లీషోడికి రిజర్వు. 1941ల ఆ పటాలం మలయాల కోటబారు విమానాల మైదానం కాడ కావలి ఉంది. డిసెంబర్ 8 అర్ధరాత్రి దాటినంక జపాన్ సైన్యం ఆ ఒడ్డుకే దిగింది. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడటానికి గంట ముందే. ఆ కొట్లాటలనే పటాలం కమాండింగ్ అధికారి చనిపోయిండు. మైదానం పోయింది. రెండు నెలల తర్వాత, 1942 ఫిబ్రవరి 15న, సింగపూర్ కూడ పోయింది. నేను చదివిన పుస్తకాల్లో అధికారుల పేర్లున్నయి, సిపాయిలు మాత్రం ఒక గుంపు, పారిపోయిన గుంపు. కావలికి తయారైనోల్లను యుద్ధం మొదటి వరుసల ఎవరు నిలబెట్టిండ్రు అని అడిగినోల్లు తక్కువ.

మా తాత ఆ రోజుల్లో చెరుకు బండి తోలేటోడు, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి. ఆయనకు ఆ యుద్ధమంటే లెవీ ధాన్యం, దొరకని బట్ట. మలయా పేరు కూడ వినలే.

తెలుగు పాఠం చెప్పేటోన్ని కాబట్టి ఒక మాట చెప్పకుండ ఉండలేను. 1857ల ఢిల్లీ జనం సిపాయిలను 'తిలంగాలు' అన్నరు. కంపెనీ తొలి సిపాయిలల్ల తెలుగు నేల మనుషులు అంత మంది. తర్వాత రాబర్ట్స్ లాంటి దొరలు మద్రాసు సైన్యానికి వీరత్వం లేదని తేల్చిండ్రు. 1890లల్ల మహార్ల భర్తీ బంద్ అయింది. అవసరం పడ్డప్పుడు మళ్లీ పిలిచిండ్రు. మొదటి యుద్ధంల 111వ మహార్స్ కట్టి, యుద్ధమైనంక ఎత్తేసిండ్రు. 1941ల బెల్గాంల మహార్ రెజిమెంట్ కట్టిండ్రు. జాషువా 'గబ్బిలం' వచ్చిన సంవత్సరం కూడ అదే. 1943ల చమార్ రెజిమెంట్ పుట్టింది, 1946ల రద్దయింది.

కోరేగావ్ స్తంభం గురించి మనోల్లు చాలా మాట్లాడుతరు, మాట్లాడాలె. నన్ను మాత్రం రాంజీ సక్పాల్ ఎక్కువ ఆపుతడు. సుబేదారు, ఆర్మీ బడిల హెడ్మాస్టరు. 1891ల మౌ కంటోన్మెంట్‌ల పుట్టిన ఆయన కొడుకు ఎవరో మీకు చెప్పనవసరం లేదు. ఆ ఇంటికి పటాలం నుంచి వచ్చినయి మూడు: అక్షరం, నెల జీతం, పెన్షన్. తుపాకీ ఆ తర్వాతనే.

ఇప్పటి లెక్క వేరే. నాలుగేండ్లు, శిక్షణ కూడ అందులోనే. నలుగురిలో ఒక్కన్నే ఉంచుకుంటరు. మిగతా ముగ్గురికి దాదాపు 11.71 లక్షలు చేతిల పెట్టి పంపుతరు. పెన్షన్ లేదు. ఇదంతా వాడికి చెప్పిన. కొంచెం ఎక్కువనే చెప్పిన్నేమో, లెక్చరర్ రోగం.

వాడు విన్నడు. "మా నాయిన దుబాయి పోయేటప్పుడు ఆరు నెలల ట్రైనింగ్ ఎవడు ఇచ్చిండు సార్? ఏజెంటు పాస్‌పోర్ట్ గుంజుకున్నడు. గీడ బూట్లన్న ఇస్తరు."

నా దగ్గర జవాబు లేదు. ఫైలు తెరిచి తహసీల్దార్ ఇచ్చిన కాగితం నా ముందర పెట్టిండు. కులం పేరుల అక్షరాలు సరిగ్గున్నయా చూడమన్నడు, పోయినసారి తప్పుంటే ర్యాలీ కాడ ఒకన్ని వాపస్ పంపిండ్రట. చూసిన. సరిగ్గనే ఉన్నయి. కాగితం ప్లాస్టిక్ కవర్ల పెట్టుకున్నడు. సాయంత్రం గ్రౌండ్ ఉంది సార్ అని పోయిండు.