అరుంధతీ న్యాయం

గౌలిగూడలో పట్టపగలు జరిగే పెండ్లిలోనూ పురోహితుడు దంపతులకు అరుంధతిని చూపుతాడు. కానరాకున్నా వారు తలలూపుతారు. ఆ ఆచారం వెనుక ఒక చక్కని ఆలోచన ఉన్నది. సూక్ష్మమైన అరుంధతిని చూపదలచినవాడు ముందు ప్రక్కనున్న పెద్ద చుక్కను చూపి, అక్కడినుండి చూపును మళ్ళిస్తాడు. దీనినే అరుంధతీ న్యాయమన్నారు.

నేటి ఖగోళశాస్త్రానిదీ ఈ మార్గమే. సప్తర్షులకు పడమటగా హెచ్.డి. 80606 అనే తార ఉన్నది. అది వట్టి కంటికి ఆనదు. దాని చుట్టూ గురుగ్రహానికి నాలుగు రెట్ల ద్రవ్యరాశి గల గ్రహమొకటి 111 రోజులకొకసారి తిరుగుతుంది. దాని కక్ష్య మిక్కిలి సాగిన దీర్ఘవృత్తం. తారకు అత్యంత దూరమైన చోటికి, చేరువైన చోటికి దాదాపు 30 రెట్ల భేదం. తార స్వల్ప చలనాన్నిబట్టి 2001లో గ్రహం ఉనికిని గుర్తించారు. 2009 ఫిబ్రవరిలో అది తారకు అడ్డుగా సాగగా, వెలుగు నూటికి ఒక పాలు తగ్గింది. అలా దాటడానికి సుమారు 12 గంటలు పడుతుంది. ఒక్క ఊరి రాత్రికి అది ఇమడడం కష్టం. అందుకే 2010 జనవరిలో అనేక ప్రదేశాల వేధశాలలు తమ పరిశీలనలను జోడించుకొన్నాయి. 2023లో మన శాస్త్రజ్ఞులు ఆబూ పర్వతంనుండి పరిశీలించి, దీర్ఘవృత్త కక్ష్య గల మరొక మహాగ్రహాన్ని నిర్ధారించారు.

ప్రాచీన పద్యం బోధించేటప్పుడు నేనూ తెలిసిన పదాన్ని ముందు చూపి, దాగిన భావంవైపు విద్యార్థుల చూపును మళ్ళిస్తాను. వారు తలలూపితే నాకు తృప్తి కలుగదు. ఆ భావం ఏ పదంవల్ల తెలిసిందో చెప్పగలిగిననాడే చదువు సార్థకం.