మైత్రీవనంలో గడ్డిచామంతి

పేరులో వనం ఉంది కానీ మైత్రీవనంలో చెట్టు కోసం వెతుక్కోవాలి. అమీర్‌పేట మెట్రో దిగి అటు నడిస్తే కనిపించేవన్నీ బోర్డులే. జావా, పైథాన్, స్పోకెన్ ఇంగ్లిష్, లేడీస్ హాస్టల్. చేతిలో పాంప్లెట్ పడకుండా పదడుగులు వేయడం ఎవరి తరమూ కాదు. అయితే ఓసారి తల దించి చూడండి. ఫుట్‌పాత్ రాళ్ల సందులో సన్నటి కాడ మీద చిన్న పువ్వొకటి తలెత్తుకుని ఉంటుంది. గడ్డిచామంతి! ఇంగ్లిష్‌లో ట్రైడాక్స్ డైసీ. మా చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే ఈ ఆకే నలిపి పసరు పిండేవాళ్లు. ఆ మంట ఇప్పటికీ గుర్తే.

దగ్గరగా చూస్తే ఇది ఒక పువ్వు కాదు, ఒక హాస్టల్. మధ్యలో పసుపుపచ్చ బొడ్డులో కనిపించే ప్రతి చుక్కా విడి పువ్వే. చుట్టూ మనం రేకులనుకునేవీ పువ్వులే, కాకపోతే వాటిలో ఆడ భాగాలే ఉంటాయి. ఒక్కో రేకు చివర మూడు పళ్లు. మామూలుగా రేకులు ఐదు, ఒక్కోసారి నాలుగో ఆరో. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, అసలు డైసీ... అన్నిటిదీ ఇదే కుటుంబం, ఇదే ఏర్పాటు. పువ్వు ఎండాక ప్రతి గింజకూ ఓ నూగు గొడుగు వస్తుంది. సిటీ బస్సు రేపిన గాలి చాలు, ఎగిరిపోవడానికి.

దీని సొంతూరు మెక్సికో, మధ్య అమెరికా వైపు. 1753లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. మనం గుమ్మానికి కట్టే బంతిదీ ఆ మెక్సికో వైపే! చామంతి చైనా నుంచి వచ్చింది. ఆ రెండూ బతుకమ్మలో తంగేడు, గునుగు పక్కన దర్జాగా కూర్చుంటాయి. గడ్డిచామంతికి మాత్రం చీపురు దెబ్బలు. నాకైతే అన్యాయమే అనిపిస్తుంది.

యూరప్‌లో డైసీ అంటే పసితనానికి, కల్మషం లేని ప్రేమకి గుర్తు. పేరుకి అర్థం ‘పగటి కన్ను’. రాత్రి ముడుచుకుని పొద్దున్నే విచ్చుకుంటుంది మరి. ప్రేమిస్తున్నాడు, ప్రేమించడం లేదు అంటూ రేకులు తెంపే ఆట అక్కడిదే. గోథే ‘ఫౌస్ట్’లో మార్గరెట్ చేసే పని అదే. సినిమాల పుణ్యమా అని మనకీ వచ్చింది. మైత్రీవనంలో ప్రశ్న మాత్రం వేరు.

ఆమధ్య టీకొట్టు దగ్గర ఇద్దరమ్మాయిలు, సిక్కోలు యాస. ఒకమ్మాయికి మూడో రౌండ్ ఇంటర్వ్యూ కూడా అయిందట, మెయిల్ మాత్రం రాలేదట. ఈ నెల హాస్టల్ ఫీజు వరకే పంపగలనని నాన్న చెప్పేశాడట. మాట్లాడుతూనే గోడ వార నుంచి గడ్డిచామంతి తెంపింది.

“వస్తాది... రాదు... వస్తాది... రాదు.”

నాలుగే రేకులు. కాడ అలాగే పట్టుకుని నిలబడిపోయింది. రెండో అమ్మాయి టీ గ్లాసు పక్కన పెట్టి, వంగి, ఒకటి చూసి వదిలేసి, ఇంకోటి చూసి తెంపి తెచ్చింది.

“ఇదిగోవే, దీనికి ఐదున్నాయి. మళ్లీ మొదలెట్టు.”