ఫోన్ గుంజుకుంటరని చెప్పలే

దసరా సెలవులకి జనగామ వెళ్ళాను. అక్కావాళ్ళు మహబూబాబాద్ నుంచి (మా ఇంట్లో అది ఇప్పటికీ మానుకోటే), అన్నయ్యావాళ్ళు భూపాలపల్లి నుంచి వచ్చారు. 2016 అక్టోబర్ దాకా అందరం వరంగల్ జిల్లావాళ్ళమే, ఇప్పుడు మూడు జిల్లాలు. సరే, పండగ కబుర్లు ఇంకోసారి.

సద్దుల బతుకమ్మ నాడు అందరూ కింద ఆడుతుంటే అక్క కూతురు మాత్రం మేడ మీద ముడుచుకుని కూర్చుంది. (వివరాలు కొన్ని మార్చాను, అది సరేనన్నాకే రాస్తున్నా.) చాలాసేపు బతిమాలితే చెప్పింది. ఆన్‌లైన్ గేమ్‌లో ఒక "అక్క" పరిచయమైందట. తొమ్మిదో క్లాసు అని చెప్పుకుందట. రెండు నెలలు హోంవర్కులో సాయం, గేమ్‌లో కాయిన్లు.. తర్వాత ఒక్క ఫోటో. తర్వాత ఇంకో రకం ఫోటో. పంపనంటే, చాటంతా మీ స్కూల్లో అందరికీ పంపిస్తానని బెదిరింపు.

"ముందే ఎందుకు చెప్పలేదే?"

"ఫోన్ గుంజుకుంటరని చెప్పలే మామా."

ఆ ఫోన్ కొనిచ్చింది నేనే. ఆఫీసులో యాక్సెస్ కంట్రోల్ మీద గంటలు గంటలు రివ్యూలు చేసే నేను, ఆ గేమ్‌లో చాట్ సెట్టింగ్ ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

బావ మొదట ఫోన్ పగలగొడతానన్నాడు. తర్వాత, "ఆడపిల్ల, పోలీసులంటే పరువు పోతది" అన్నాడు. అవతలివాడి ధైర్యమంతా సరిగ్గా ఈ రెండు మాటల మీదే! 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీడియా పిల్లల పేరు, ఊరు, స్కూలు బయటపెట్టకూడదు. ఐటీ చట్టం 67బి కింద పిల్లల్ని ఆన్‌లైన్లో మచ్చిక చేసుకుని ఇలాంటి వాటిలోకి లాగడమూ నేరమే. 2024 జులైలో తండ్రీకూతుళ్ళ వీడియో మీద నీచంగా మాట్లాడిన ఒక యూట్యూబర్ గురించి నటుడు సాయి ధరమ్ తేజ్ గొంతెత్తాడు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి, అతన్ని బెంగళూరులో పట్టుకుంది. ఇవన్నీ చెప్తే బావ కాస్త మెత్తబడ్డాడు.

చాట్ డిలీట్ చెయ్యలేదు. స్క్రీన్‌షాట్లు, ఆ ప్రొఫైల్ ఐడీ దాచి, తర్వాత బ్లాక్ చేశాం. కేంద్రం వారి సైబర్ క్రైమ్ పోర్టల్లో పిల్లల విభాగం విడిగా ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు. బావ తన పేరుతోనే చేశాడు. పిల్లల సాయానికి 1098, సైబర్ నేరాలకి 1930. రెండు నంబర్లూ ఫోన్లో పెట్టుకోండి.

మనలాంటి ఐటీ జనాలం పేరెంటల్ కంట్రోల్ పెట్టేసి చేతులు దులుపుకుంటాం. అవీ కావాలి, కాదనను. కానీ వాటన్నిటికంటే ముందు పిల్లలకి ఒక్క మాట చెప్పాలి: "ఏం జరిగినా చెప్పు, తిట్టను, ఫోన్ తీసుకోను." చెప్పాక దాని మీద నిలబడాలి, అదే కష్టం. బావ రోజుకి రెండుసార్లు నోటిదాకా వచ్చిన మాట మింగుతున్నాడని మొన్న అక్క ఫోన్లో చెప్పింది.