ఆమ్రేడితం

మా అమ్మాయి బెంగుళూరులో ఒక చిన్న సంస్థలో ‘బ్యాక్ ఎండ్ ఇంజనీరు’. అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, నాటకంలో నేపథ్యం వంటిదని చెప్పి తప్పించుకొనేవాడిని. మొన్న మాఘమాసంలో పది రోజులు ఆ పిల్ల దగ్గర ఉండి, రాత్రిళ్ళు ఆ పని ప్రక్కన కూర్చుని చూసిన మీదట, ఆ ఉపమానం మరీ తేలికైనదని తెలిసివచ్చింది.

వాళ్ళది బ్యాంకు కాదు. లైసెన్సున్న ఒక బ్యాంకుతో ఒప్పందం చేసుకొని, ఖాతాలు తెరవడానికీ డబ్బు పంపడానికీ కావలసిన యంత్రాంగాన్ని అల్లుతారు. ఇక్కడ పది రూపాయలు తీసి అక్కడ వేయడానికి ఇంతమంది దేనికమ్మా అని అడిగాను. నవ్వి, ఓపికగా చెప్పింది. నిల్వ అనే అంకెను ఊరికే దిద్దరట. ప్రతి కదలికకూ రెండు పద్దులు, ఒకచోట ఖర్చు, మరొకచోట జమ. 1494లో వెనిస్‌లో లూకా పాచోలీ అచ్చువేయించిన గణితగ్రంథంలో వివరించిన పద్ధతే ఇది. రూపాయలను దశాంశాలతో కాక పైసలుగా, పూర్ణాంకాలలో వ్రాసుకొంటారు. కంప్యూటరు ద్విసంఖ్యామానంలో పదవవంతును కచ్చితంగా వ్రాయలేదట, 0.1కి 0.2 కలిపితే 0.3 కన్న వెంట్రుకవాసి ఎక్కువ చూపుతుందట! అన్నిటికన్న నాకు నచ్చినది మరొకటి. ఒకసారి పడిన పద్దును చెరపకూడదు. తప్పైతే ఎదురుపద్దు వ్రాయాలి. తప్పూ నిలుస్తుంది, దిద్దుబాటూ నిలుస్తుంది.

2016లో యూపీఐ వచ్చాక మనమంతా ఫోనులో డబ్బు పంపుతున్నాము. పోయింది, పోలేదు అనే రెండు స్థితులే మనకు తెలుసు. వాళ్ళకు మూడవది ఒకటుంది: తెలియదు. అడిగినదానికి అవతలి బ్యాంకు నుంచి బదులు రాదు. పని జరిగి బదులు దారిలో పోయిందో, పనే జరగలేదో! మన ఖాతాలో తగ్గి అవతలివారికి చేరని సొమ్మును మరునాటికల్లా తిప్పి వేయాలనీ, ఆపైన రోజుకు 100 రూపాయలు చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు 2019లో నియమం పెట్టింది. కాని బదులు రాలేదని ప్రోగ్రాము మళ్ళీ అడిగితే? మొదటిదీ జరిగి, రెండవదీ జరిగితే?

“మన వ్యాకరణంలో ఉన్నదే తల్లీ,” అన్నాను. పదం రెండుమార్లు వస్తే రెండవదానిని ఆమ్రేడితమంటాము. ఔరౌర అన్నప్పుడు రెండవ ‘ఔర’ క్రొత్త మాట కాదు, మొదటిదాని మారుపలుకే. ఆ రెండవదానిని గుర్తుపట్టడానికే ప్రతి కోరికకూ ఒక సంఖ్య ఇస్తారట. ఎన్నిసార్లు అడిగినా సంఖ్య అదే ఉండాలి.

నేనక్కడ ఉండగానే, ఒకటవ తారీఖు రాత్రి, ఆ సంఖ్య మారిపోయింది. జీతాల రోజు కావడంతో బ్యాంకు బదులివ్వడంలో ఆలస్యమైంది. అమ్మాయి వ్రాసిన భాగం మళ్ళీ అడిగిన ప్రతిసారీ క్రొత్త సంఖ్య పుట్టించింది. తెల్లవారుజామున పద్దులు సరిచూసేసరికి 63 మంది ఖాతాలలో ఒకే సొమ్ము రెండుమార్లు పోయింది. ఒకావిడ కొడుకు హాస్టలు రుసుము కట్టబోయి నిల్వ చాలక నిలిచిపోయిందట. పుచ్చుకొన్నవారి అనుమతి లేనిదే వారి ఖాతాల నుంచి తీసుకోరాదు కనుక, ముందు సంస్థ సొమ్ముతో 63 మందికీ జమ వేశారు. అది మధ్యాహ్నానికి ముగిసింది. మిగిలినది నివేదిక. ‘బ్యాంకు జాప్యం వల్ల’ అని వ్రాస్తే చాలునని పైవాడన్నాడు. అబద్ధమూ కాదు.

“ఏం వ్రాయమంటారు నాన్నా?”

వెంటనే చెప్పలేకపోయాను. 1989లో నేను పనిచేసిన బడిలో పదవ తరగతి పరీక్ష రుసుము వసూలు నా బాధ్యత. చిట్టాలో మొత్తం చూసి చలాను వ్రాసి, డబ్బు లెక్కపెట్టకుండానే సంచీ అటెండరు చేతికిచ్చాను. బ్యాంకులో 35 రూపాయలు తక్కువ వచ్చింది. అందరూ అతనినే అనుమానించారు; అతని జీతంలో విరుచుకొన్నారు. నెలాఖరున చూద్దును కదా, ఒక కుర్రవాని పేరు నేనే రెండు వరుసలలో వ్రాశాను. పుస్తకం మూసి బీరువాలో పెట్టాను. సంక్రాంతికి బట్టలకని అతనికి యాభై రూపాయలిచ్చాను. అతను రెండు చేతులూ జోడించాడు.

ఇది మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆ రాత్రి అమ్మాయికి చెప్పాను. ఏమీ అనలేదు. కుర్చీ తిప్పుకొని, తాను వ్రాసిన వరుసలో పొరపాటని నివేదిక వ్రాసి పంపింది. తరువాత అడిగింది, “ఆయన ఉన్నారా నాన్నా?”

ఉన్నాడు. ఊరికి తిరిగివచ్చిన వారంలోనే బస్సెక్కి వెళ్ళాను. చూపు మందగించింది, గొంతు పట్టి గుర్తుపట్టాడు. మజ్జిగ ఇప్పించాడు. చెప్పవలసినదంతా చెప్పి, డబ్బు కవరు మంచం మీద పెట్టాను. చాలాసేపు దానిని తడుముతూ కూర్చున్నాడు.

“అయితే ఆ సంక్రాంతి డబ్బులు తమరి ధర్మం కాదన్నమాట పంతులుగారూ. నావేనన్నమాట,” అన్నాడు.