మూగవోయిన తాళంచెవి

విద్య పుస్తకంలో ఉంటుందని కొందరు, అనుభవంలో ఉంటుందని కొందరు వాదిస్తారు. పన్నెండేళ్ళుగా భౌతికశాస్త్రం బోధిస్తున్న నేను మొదటి పక్షానికి చెందినవాణ్ణి. గడచిన వేసవిలో పాల్వంచకూ భద్రాచలానికీ నడుమ, అడవి అంచున గడిపిన ఒక అరగంట నా అభిప్రాయాన్ని సడలించింది. ఆ వృత్తాంతాన్ని నా అజ్ఞానం దాచుకోకుండా విద్యార్థి మిత్రులకు మనవి చేస్తున్నాను.

మా చెల్లెలు భద్రాచలంలో పురిటికని ఆసుపత్రిలో చేరింది. ఒకనాడు తెల్లవారుజామున ఆమె భర్త నుండి ఫోను వచ్చింది. "బావగారూ, ఆపరేషను చేయవలసి వచ్చేటట్లుంది. రక్తం సిద్ధంగా ఉంచుకోమన్నారు. మీరు వెంటనే బయలుదేరండి" అన్నాడు. మా అన్నాచెల్లెళ్ళిద్దరిదీ ఓ నెగటివ్ రక్తం. అది అడిగిన వెంటనే దొరికేది కాదు. అమ్మకు ధైర్యం చెప్పి, ఒంటరిగానే కారు తీశాను.

నా కారుకు తాళం తిప్పే పని లేదు. చెవి జేబులో ఉంటే చాలు, పిడి తాకగానే తలుపు తెరుచుకొంటుంది. బొత్తాం నొక్కగానే ఇంజను పలుకుతుంది. వారం రోజులుగా స్టీరింగు ముందున్న పలక మీద తాళంచెవి బొమ్మతో ఒక హెచ్చరిక వెలుగుతూనే ఉంది. ఈ ఆదివారం చూద్దాం, వచ్చే ఆదివారం చూద్దాం అని వాయిదా వేశాను. సోమరితనానికి ఆదివారాలు ఎన్నైనా ఉంటాయి.

కొత్తగూడెం, పాల్వంచ దాటాను. నిద్ర లేని కళ్ళు మండుతుంటే రోడ్డు పక్కన చేతిపంపు చూసి ఆగాను. తలుపు మూసి, ముఖం కడుక్కొని తిరిగివచ్చేసరికి తలుపు తెరుచుకోలేదు. చెవి మీది మీటలు ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఫోను కారు లోపలే ఉండిపోయింది. అద్దంలోంచి అది వెలిగి ఆరడం కనబడుతోంది. భద్రాచలం నుండి ఎవరో పిలుస్తున్నారు, నేను పలకలేను.

దారికి ఇరువైపులా టేకు, మద్ది, ఇప్ప చెట్లు. దారిన పోయే రెండు లారీలకు చేయి అడ్డం పెట్టాను, అవి ఆగలేదు. నా చెల్లెలి ముఖం కళ్ళలో మెదిలింది. వంగి ఒక రాయి అందుకొన్నాను. అద్దం పగిలితే పగిలింది, ఫోనైనా చేతికి వస్తుందని నా ఆశ.

సరిగ్గా అప్పుడే తునికాకు కల్లం నుండి బస్తాలు వేసుకొని వస్తున్న ఒక ట్రాక్టరు ఆగింది. నడిపే యువకునికి పాతికేళ్ళు మించి ఉండవు. "రాయి కింద పడేయండి సార్. చాబీలో సెల్లు అయిపోయింది, అంతే" అన్నాడు. చెవి తీసుకొని పక్కనున్న చిన్న మీట జరిపాడు. లోపలి నుండి సన్నని ఇనుప తాళంచెవి ఒకటి బయటికి వచ్చింది! రెండేళ్ళుగా జేబులో మోస్తున్న వస్తువు గర్భంలో మరొక తాళంచెవి ఉన్నదని ఆనాటివరకు నేనెరుగను. తలుపు పిడి చివర మూత కింద దాగిన రంధ్రాన్ని కూడా అతడే చూపాడు.

తలుపు తెరవగానే కారు హారను గగ్గోలు పెట్టింది. నేను బెదిరిపోయాను, అతడు బెదరలేదు. "కూర్చోండి సార్. క్లచ్చూ బ్రేకూ తొక్కి, చాబీని బటనుకు ఆనించి నొక్కండి" అన్నాడు. ప్రాణంలేని ఈ వస్తువును ఆనిస్తే ఏమవుతుందని లోలోపల సందేహిస్తూనే నొక్కాను. ఇంజను పలికింది. హారను నోరు మూసింది.

ఇది ఇంద్రజాలం కాదు. నేను ఏటేటా నల్లబల్ల మీద రాసే పాఠమే. చెవిలోని 3 వోల్టుల బిళ్ళ సెల్లు బాగున్నంతకాలం, కారు పంపే పిలుపుకు చెవి దూరం నుండే రేడియో తరంగంతో బదులిస్తుంది. సెల్లు ఉడిగితే ఆ గొంతు మూగవోతుంది. కాని చెవిలో సెల్లుతో పనిలేని చిన్న చిప్పు, దానికొక తీగచుట్ట కూడా ఉంటాయి. బొత్తాం చుట్టూ ఉన్న కారు తీగచుట్టలో విద్యుత్తు మారుతున్నప్పుడు, దగ్గరికి తెచ్చిన చెవి చుట్టలోనూ విద్యుత్తు పుడుతుంది. ఆ అరువు శక్తితోనే చిప్పు తన రహస్య సంకేతాన్ని చెబుతుంది. కారు దానిని గుర్తుపట్టి ఇంజనుకు అనుమతిస్తుంది. ఈ అరువు కొద్ది సెంటీమీటర్ల దూరమే పారుతుంది గనుక, చెవిని తప్పక ఆనించాలి. హైదరాబాదు మెట్రో కార్డులో సెల్లు లేకపోయినా ద్వారం తెరుచుకొనేది ఈ సూత్రం వల్లనే.

ఈ విద్యుదయస్కాంత ప్రేరణను 1831లో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాడు. పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చుకొన్న పేదపిల్లవాడు. ఈ మాట ఎన్ని తరగతులలో చెప్పానో లెక్కలేదు. అయినా ఫారడే సూత్రం నా అరచేతిలో ఉండగా, నేను రాయిని వెతుక్కొన్నాను. దానిని నాకు ప్రయోగం చేసి చూపినవాడు ట్రాక్టరు నడిపే యువకుడు. ఖమ్మంలో కొంతకాలం అద్దె కార్లు నడిపి నేర్చుకొన్నాడట.

డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "భద్రాచలం చేరేదాకా ఇంజను ఆపకండి సార్" అని మాత్రం హెచ్చరించాడు. గోదావరి వంతెన దాటి ఆసుపత్రి చేరాను. సకాలంలో రక్తం ఇచ్చాను. మధ్యాహ్నానికి మేనకోడలు పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఆ సాయంకాలమే ఊళ్ళో కొత్త సెల్లు కొని వేశాను. చెవికి ప్రాణం వచ్చింది.

కొన్ని కార్లలో చెవిని ఆనించవలసిన చోటు బొత్తాం కాక మరొకటి కావచ్చు. కారుతో ఇచ్చిన పుస్తకంలో అది రాసి ఉంటుంది. కారు బ్యాటరీయే ఉడిగిపోతే ఈ ఉపాయం పనికిరాదు. కనుక వాహనమున్నవారు ఆ పుస్తకాన్ని ఒక్కసారైనా చదవాలి. హెచ్చరిక దీపం వెలిగిన నాడే సెల్లు మార్చుకోవాలి.

కళాశాల తెరిచాక ప్రేరణ పాఠం వచ్చింది. ఈసారి నల్లబల్ల దగ్గరకు వెళ్ళలేదు. సెల్లు తీసేసిన తాళంచెవిని ముందు బెంచీ విద్యార్థి చేతిలో పెట్టి, అందరినీ కారు దగ్గరకు తీసుకొనిపోయాను. ఇంజను పలికినప్పుడు వారు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నావి కావు. తునికాకు బస్తాల ట్రాక్టరు మీద అడవి దారిన సాగిపోయిన, నేను పేరైనా అడగని ఆ గురువుకు చెందవలసినవి.