చెంబుకూ ఒక వంతు

సీఎస్ఈలో సీటొచ్చిందంటే మన ఇళ్లల్లో దానికి ఒకటే అర్థం. అవ్వ ఫోన్‌లో నిండిపోయిన స్టోరేజీ, నాయన ఫోన్‌పే, టీవీ రిమోట్, వైఫై, అన్నీ ఇక మన డిపార్ట్‌మెంటే. సెకండియర్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్ట్ మొదలైందని చెప్పినాక నాకు ఆ పదవి పర్మనెంట్ అయిపోయింది. ఆ పదవిలో నేను చేసిన ఒక పని గురించే ఈ వ్యాసం: ఎర్రగుంట్లలో మా ఇంటికి మూడు వేల లోపల ఒక రౌటర్ ఎంచుకోవడం. ఇంగ్లీష్ మీడియం పిల్లోణ్ణి కాబట్టి టెక్నికల్ మాటలు అట్లే వాడుతున్నా, సర్దుకోండి.

ముందు అవసరం చెప్తా. మా అక్క డెలివరీకి పుట్టింటికి వచ్చింది. పాపకు ఇప్పుడు ఏడో నెల. లీవు అయిపోయినాక అక్క పనిచేసే బెంగళూరు కంపెనీ మూడు నెలలు ఇంటి నుంచే పని చేసుకోమంది. కానీ ఒక కండిషన్ పెట్టింది: కస్టమర్ కాల్స్ తెగిపోకూడదు, తెగితే ఆఫీసుకు వచ్చి చేయాలి. అంటే పాపను అమ్మ దగ్గర వదిలిపెట్టి పోవాలి, లేదంటే ఉద్యోగం వదులుకోవాలి. సమస్యేమో ఎప్పుడూ సాయంత్రమే. పొద్దున్నంతా బాగానే ఉండే కాల్, నాలుగు దాటినాక ముక్కలు ముక్కలయ్యేది. "హలో, వినపడతాందా?" అని అక్క గంటకు ఇరవైసార్లు అనేది.

సాయంత్రమే ఎందుకంటే, నాయన ఇంటికొచ్చే టైమ్ అది. నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆ రోజు కోసిన బండల వీడియోలు పార్టీలకు వాట్సాప్‌లో పంపడం కూడా ఆయన పనే. ఒక్కో వీడియో పెద్దది, రోజుకు పది పదిహేను ఉంటాయి. వీడియో చూడకుండా ఇప్పుడు ఎవరూ లోడ్ ఆర్డర్ పెట్టరు. "నాయనా, ఆపు" అనడానికి లేదు, అది కూడా ఇంటికి అన్నం పెట్టే పనే.

కేబుల్ అన్నను అడిగితే, 40 ఎంబీపీఎస్ ప్లాన్ నుంచి 100కు మారండి, నెలకు మూడు వందలు ఎక్కువ, అన్నాడు. ఏడాదికి 3,600. నాయన సరే అనేలోపల రెండు రోజులు టైమ్ అడిగి లాప్‌టాప్‌లో కొలిచినా. ఎవరూ ఏమీ పంపనప్పుడు పింగ్ 12 మిల్లీసెకన్లు. నాయన వీడియో పంపుతున్నప్పుడు 600 దాటింది. స్పీడ్ టెస్ట్‌లో మాత్రం రెండుసార్లూ ఇంచుమించు 40 వచ్చింది. అంటే లైన్‌లో స్పీడ్ ఉంది. అక్క మాటే ఎక్కడో క్యూలో నిలబడి ఉంది.

అవ్వకు ఇది ఎట్ల చెప్పాలో చాలాసేపు ఆలోచించి వీధి కొళాయి గురించి చెప్పినా. కొళాయి దగ్గర ఒకాయన వరసగా ఐదు డ్రమ్ములు పెట్టినాడనుకో. వెనక ఒక చెంబు పట్టుకుని నువ్వు నిలబడినావు. నీకు కావాల్సింది ఒక్క నిమిషం నీళ్లు, కానీ ఐదు డ్రమ్ములూ నిండేదాకా ఆగాల. కొళాయి ధార బాగానే ఉంది, నీ వంతే రావడం లేదు. అవ్వ వెంటనే, "చెంబులోళ్లను ముందు పట్టుకోనీయాల, డ్రమ్ము యాడికి పోతాది?" అనింది. మా సబ్జెక్ట్‌లో ఫెయిర్ క్యూయింగ్ అనే టాపిక్ మొత్తం ఇంతే.

ఈ జబ్బుకు బఫర్‌బ్లోట్ అని పేరు. అమెరికాకు చెందిన జిమ్ గెటిస్ అనే ఇంజినీర్ తన ఇంటి నెట్‌లోనే దీన్ని గమనించి 2010 ప్రాంతంలో అందరి దృష్టికీ తెచ్చినాడు. మెమరీ చవకయ్యే కొద్దీ కంపెనీలు మోడెమ్‌లు, రౌటర్లలో పెద్ద పెద్ద బఫర్లు పెట్టినాయి. ప్యాకెట్ పారేయకుండా దాచుకోవడం మంచిదే కదా అనుకున్నారు. కానీ ఆ దాచుకున్న వరస పొడుగయ్యే కొద్దీ వెనకున్న ప్యాకెట్ ఆలస్యమైపోతుంది. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కోడెల్ అనే పద్ధతి ఇచ్చినారు. ప్యాకెట్ క్యూలో ఎంతసేపు నిలబడిందో అది చూస్తుంది. దాని మీద వచ్చిన ఎఫ్‌క్యూ-కోడెల్, ఆ తర్వాత 2018లో లినక్స్ కెర్నల్ 4.19లో చేరిన కేక్, ఒక్కో ప్రవాహానికి వేరే వరస కట్టి వంతులు వేస్తాయి. వాయిస్ కాల్ లాంటి చిన్న ప్రవాహం చెంబు, వీడియో అప్‌లోడ్ డ్రమ్ము.

మందు ఉంది, ఉచితం కూడా. కానీ కనెక్షన్‌తో పాటు ఇచ్చిన డబ్బాలో దాన్ని వేసుకోవడానికి లేదు. ఆ డబ్బా పేజీలోకి పోతే వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, అంతే. అందుకే నాకు కావాల్సింది ఫాస్ట్ రౌటర్ కన్నా చెప్పిన మాట వినే రౌటర్. అంటే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పట్టే రౌటర్.

దీని పుట్టుక కథ మనవాళ్లకు నచ్చుతుంది. 2002 డిసెంబర్‌లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్ తెచ్చింది. దాని లోపల లినక్స్ ఉందని కొందరు కనిపెట్టినారు. లినక్స్ లైసెన్స్ జీపీఎల్ ప్రకారం, ఆ కోడ్ పెట్టి డబ్బా అమ్మితే సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. అడిగినారు, 2003లో కంపెనీ ఇచ్చింది. ఆ కోడ్‌తో మొదలైందే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, పేరులోనే పాత రౌటర్ పేరుంది. లైసెన్స్‌లో ఒక్క షరతు వల్ల ఇరవై ఏళ్ల తర్వాత ఎర్రగుంట్లలో మా అక్క కాల్ నిలబడింది. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ క్లాసులో లైసెన్సుల చాప్టర్ బోర్ అనుకునేవాళ్లకు ఈ మాట.

ఇక ఎంచుకోవడం. కొత్తగా కొనాలంటే ఆ ప్రాజెక్టువాళ్లే 2024 చివర్లో తెచ్చిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ ఉంది. ఒక జీబీ ర్యామ్, సాఫ్ట్‌వేర్ పాడైనా లేపుకునే ఏర్పాటు కూడా ఉన్నాయి. కానీ వచ్చినప్పుడే దాని ధర 89 డాలర్లు, అంటే ఏడు వేలు దాటిపోయింది, మన బడ్జెట్ కాదు. మెష్ సెట్లు కూడా మన బడ్జెట్‌లో రావు. మిగిలింది మామూలు రౌటర్లలో వెతుక్కోవడం. నేను మూడు విషయాలు చూసినా.

మొదటిది మెమరీ. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి కనీసం 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ కావాలి. హాయిగా ఉండాలంటే 16, 128 మంచిది. మా ఇంట్లో పాత టీపీ-లింక్ డబ్ల్యూఆర్841ఎన్ ఒకటి అటక మీద ఉంది. మన ఊళ్లల్లో సగం ఇళ్లల్లో చూసుంటారు దాన్ని. మా దాంట్లో 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్. దానికి కొత్త వెర్షన్లు పట్టవు.

రెండోది, అన్నిటికన్నా ముఖ్యమైంది, హార్డ్‌వేర్ వెర్షన్. డబ్బా మీద పేరు ఒకటే ఉన్నా లోపల సరుకు వేరే ఉంటుంది. ఆర్చర్ సీ6 వీ2లో క్వాల్‌కామ్ చిప్, వీ3లో మీడియాటెక్ చిప్. ఒకదాని ఫైల్ ఇంకోదానికి ఎక్కదు. షావోమీ 4ఏ, 4ఏ గిగాబిట్ కూడా పేరులో అన్నదమ్ములే గానీ లోపల వేరే. కాబట్టి రౌటర్‌ను తిప్పి అడుగున లేబుల్ మీద "వెర్" అని ఉన్న నంబర్ చదివి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వెబ్‌సైట్‌లో టేబుల్ ఆఫ్ హార్డ్‌వేర్‌తో సరిచూసుకోవాలి.

మూడోది ప్రాసెసర్. వంతులు వేసే పని సీపీయూ చేస్తుంది. వందల ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నవాళ్లు దీని గురించి ఆలోచించాలి. మా 40కి ఎంటీ7621 లాంటి మామూలు చిప్ చాలు.

ఈ లెక్కలతో హాస్టల్‌లో ఒక సీనియర్ అన్న దగ్గర ఆర్చర్ సీ6 వీ3 సెకండ్‌హ్యాండ్ దొరికింది, 1,400 రూపాయలు. లేబుల్ చూసినాకే డబ్బులిచ్చినా.

ఇంటికి తెచ్చి ఫ్లాష్ చేసినాక మొదట వైఫై రాదు, భయపడొద్దు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో వైఫై ఆఫ్‌లోనే వస్తుంది, పాస్‌వర్డ్ కూడా ఉండదు. కేబుల్ పెట్టి లోపలికి పోయి ముందు పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. కేబుల్ అన్న మంచోడు, అడిగితే పాత డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి పీపీపీఓఈ వివరాలు ఇచ్చినాడు. తర్వాత ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేసి, కేక్ ఎంచుకుని, స్పీడ్‌ను కొలిచినదాంట్లో 90 శాతానికి, అంటే 36కు కట్టినా. అప్‌లోడ్‌కూ అదే లెక్క. కిటుకంతా ఇక్కడే ఉంది. మనం కొంచెం తగ్గించి పంపితే క్యూ కంపెనీ డబ్బాలో కాకుండా మన రౌటర్‌లో తయారవుతుంది. మన దగ్గరున్న క్యూకే మనం వంతులు వేయగలం.

నాయన స్పీడ్ టెస్ట్ చూసి, "ఏందిరా, నలభై ఉన్నది ముప్పై ఆరు అయింది, డబ్బులిచ్చి తగ్గించినావే?" అన్నాడు. అవ్వే జవాబు చెప్పింది, "వంతులు పెట్టినాడులే" అని. నాయన వీడియో పంపుతున్నప్పుడు పింగ్ చూస్తే 25 లోపలే ఉంది.

అయినా సగం పనే అయింది. రౌటర్ హాల్లో ఉంది, అక్క గది చివర. మా పాత ఇల్లు నాపరాళ్లతో కట్టింది. మా చుట్టుపక్కల భూమి కిందంతా ఈ సున్నపురాయే, సిమెంట్ ఫ్యాక్టరీలు వచ్చిందీ దాని కోసమే. మందపాటి రాతి గోడ రెండు దాటేసరికి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దాదాపు చచ్చిపోతుంది, 2.4 కొంచెం నయం. ఏ రౌటర్ కొన్నా రాయి రాయే. దానికి మందు వైరు. నాయన ఫ్యాక్టరీ నుంచి డ్రిల్ తెచ్చి, బండ పగలకుండా వేలంత రంధ్రం పది నిమిషాల్లో వేసినాడు. పదిహేను మీటర్ల కేబుల్ 350. అటక మీది 841ఎన్‌ను దించి, దాంట్లో డీహెచ్‌సీపీ ఆపేసి, కేబుల్‌ను ల్యాన్ పోర్ట్‌లో పెడితే అక్క గదికి యాక్సెస్ పాయింట్ అయింది. తెలివంతా హాల్లో రౌటర్ దగ్గరుంది కాబట్టి దీనికి పాత బుర్ర చాలు.

చివరిది కరెంటు. ఎండాకాలం సాయంత్రం కరెంటు పోయిందంటే లాప్‌టాప్ నడుస్తుంది గానీ రౌటర్ ఆగిపోతుంది. అందుకే చిన్న డీసీ యూపీఎస్ ఒకటి తీసుకున్నా, 1,100. మొత్తం 2,850. ప్లాన్ మార్చి ఉంటే ఏడాది కూడా రాని డబ్బు, పైగా డ్రమ్ముల వరస అట్లే ఉండేది.

అన్నీ తీరిపోయినాయని కాదు. మెయిన్ రోడ్డు మీద ఫైబర్ తెగితే కేక్ ఏమీ చేయలేదు, ఆ రోజు అక్క ఫోన్ హాట్‌స్పాటే గతి. అప్‌డేట్లు నేనే గుర్తుపెట్టుకుని సెలవులకు పోయినప్పుడు వేయాలి. మూడు నెలల గడువులో ఇంకా నెలన్నర ఉంది, ఆ తర్వాత కంపెనీ ఏమంటుందో అక్కకే తెలియదు. కానీ ఈ ఆరు వారాల్లో నెట్ వల్ల కాల్ తెగిందన్న మాట రాలేదు. పాప ఏడుపు మాత్రం ఇప్పుడు కస్టమర్లకు చాలా క్లియర్‌గా వినపడుతోందంట.

మా వీధిలో ఇప్పుడు ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు, మంచి రౌటర్ పేరు చెప్పప్పా అని. పేరు చెప్పడం లేదు. ముందు ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారు, ఏ టైమ్‌లో చేస్తారు అని అడుగుతున్నా. తర్వాత, కొనేముందు డబ్బాను తిప్పి అడుగున లేబుల్ ఫోటో నాకు పంపమంటున్నా.