"చెక్క సద్దు తగ్గించొద్దు నాయనా!"

పెండ్లిమర్రిలో బస్సు దిగేసరికి ఎండ చుర్రుమంటోంది. శివరాత్రి తిరునాళ్ళకని పొలతల క్షేత్రానికి బయలుదేరాను. స్వామి దర్శనంతోపాటు నాకు మరో పనుంది. అక్కడి చెక్కభజన రికార్డు చేసుకొచ్చి, మోత కాస్త తగ్గించి, కీబోర్డు కలిపి పట్నంవాళ్ళకు వినిపించాలని నా సరదా.

దారి పొడుగునా నా చెవుల్లో మాత్రం జమైకా పాట! బర్నింగ్ స్పియర్ బృందం 1975లో చేసిన ‘మార్కస్ గార్వే’ ఆల్బమ్. రెగే అంటే బాబ్ మార్లే ఒక్కడే అనుకునేవాళ్ళకి దీని కథ చెప్పి తీరాలి.

బృంద నాయకుడు విన్‌స్టన్ రాడ్నీది సెయింట్ ఆన్స్ బే అనే ఊరు. నల్లవాళ్ళ ఆత్మగౌరవం కోసం పోరాడిన మార్కస్ గార్వే 1887లో పుట్టిందీ ఆ ఊళ్ళోనే. అంతటి మనిషిని జనం మరిచిపోతున్నారే అన్న బాధే రాడ్నీ చేత పాడించింది. జాక్ రూబీ అనే నిర్మాత వాళ్ళను కింగ్‌స్టన్‌లోని ర్యాండీస్ స్టూడియోకి తీసుకెళ్ళాడు. కింద రికార్డుల కొట్టు, మేడమీద స్టూడియో. రాబీ షేక్‌స్పియర్ బాస్ గిటారు, హార్స్‌మౌత్ వాలెస్ డ్రమ్ములు, చిన్నా స్మిత్ గిటారు. పేరు చూసి మనవాడనుకునేరు, అతనూ జమైకావాడే! రెగేకి బాస్ గిటారే నడక. అది గుండెల్లో మోగితేనే కాలు కదులుతుంది.

తీరా ఐలాండ్ కంపెనీ విదేశాల్లో విడుదల చేసేటప్పుడు, అక్కడి శ్రోతలకు నచ్చాలని మళ్ళీ మిక్సింగు చేసి పాటల పదును తగ్గించింది. రికార్డుకి పేరొచ్చింది గానీ రాడ్నీ మనసు నొచ్చుకుంది. తర్వాత ‘స్పియర్’ అని సొంత లేబులే పెట్టుకున్నాడు.

ఆ సంగతే నెమరేసుకుంటూ గుడి దగ్గరికి చేరాను. కాళ్ళకు గజ్జెలు, చేతుల్లో చెక్కలు. నడుమ గురువు పాట ఎత్తుకుంటే, చుట్టూ ఉన్నవాళ్ళు అందుకుని గిర్రున తిరుగుతున్నారు. ఆట ఆగాక నా ఆలోచన చెప్పాను. గురువుగారు చెమట తుడుచుకుంటూ, "రికార్డు చేసుకో నాయనా, యాడికైనా తీసుకపో. చెక్క సద్దు మాత్రం తగ్గించొద్దు. సద్దు పోతే అడుగు పోతాది" అన్నాడు.

స్టూడియో గడప తొక్కని మనిషి మిక్సింగు సూత్రం చెప్పేశాడు!

ఇంటికొచ్చి విన్నాను. చెక్కల మోతలో కొన్ని మాటలు వినపడవు. మధ్యలో ఎవరో పిల్లాడి బూర కూడా పడింది. కీబోర్డు జోలికి పోలేదు. ఉన్నదున్నట్టే స్నేహితులకు పంపాను. మాటలు తెలియలేదన్నవాళ్ళున్నారు. తెలియాలంటే వచ్చే శివరాత్రికి పెండ్లిమర్రి బస్సెక్కండి మరి!